స్కానింగ్ తీయించాలా, వద్దా? లాభమెంత, నష్టమెంత.. ప్రతి ఇంటికీ తెలియాల్సిన లెక్క

మన ఇళ్లలో అల్మారా మీదో, మంచం కిందో ఒక పెద్ద ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. దాని నిండా నల్లటి ఫిల్ములు. అబ్బాకి తీసిన ఛాతీ ఎక్స్‌రే, అమ్మీకి తీసిన నడుము ఎమ్మారై, చిన్నోడు కింద పడ్డప్పుడు తీసిన తల సీటీ. వాటిని ఎప్పుడు తీశారు, ఎందుకు తీశారు అంటే ఇంట్లో ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఎంత ఖర్చయిందో మాత్రం అందరికీ గుర్తుంటుంది.

ఈ స్కానింగుల గురించి రెండు మాటలు తరచుగా వినబడుతుంటాయి. ఒకటి, "ఆ డాక్టర్ సాబ్ స్కానింగే రాయలేదు, రోగం ఎట్లా తెలుస్తది?" రెండోది, "స్కానింగులు తీయిస్తే క్యాన్సర్ వస్తదంట, మనకెందుకు?" మొదటి మాట నమ్మినవాళ్లు అక్కర్లేని పరీక్షలకు వేలకు వేలు పోస్తున్నారు. రెండో మాట నమ్మినవాళ్లు అత్యవసరమైన పరీక్షను వాయిదా వేసి ప్రాణం మీదకి తెచ్చుకుంటున్నారు.

నేను చదివింది కామర్స్, మెడిసిన్ కాదు. కాబట్టి ఈ విషయాన్ని పద్దు రాసినట్టే రాస్తాను. ఒక పక్క లాభం, ఇంకో పక్క నష్టం. చివరికి తేలేది ఒక్కటే: స్కాన్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు మెషీన్‌లో లేదు. "ఈ స్కాన్ రిపోర్టు వచ్చాక వైద్యం మారుతుందా?" అన్న ప్రశ్నలో ఉంది. మారేటట్టయితే ఆలస్యం చేయొద్దు. మారనప్పుడు డబ్బూ దండగే, రేడియేషనూ దండగే.

అన్ని స్కానింగులూ ఒకటి కావు

మనవాళ్లు అన్నిటినీ కలిపి "స్కానింగ్" అనేస్తారు. కానీ వీటిలో రెండు జాతులున్నాయి.

మొదటి జాతి రేడియేషన్ వాడేవి. ఎక్స్‌రే, సీటీ స్కాన్, రొమ్ము పరీక్షకు తీసే మామోగ్రామ్, గుండె రక్తనాళాలు చూసే యాంజియోగ్రామ్, క్యాన్సర్ రోగులకు తీసే పెట్ స్కాన్ ఇందులోకి వస్తాయి. ఎక్స్‌రేను 1895లో జర్మనీకి చెందిన రాంట్‌జన్ కనిపెట్టాడు. సీటీ స్కాన్ కూడా ఎక్స్‌రేనే, కాకపోతే మనిషి చుట్టూ తిరుగుతూ వందల కోణాల్లో తీసి, కంప్యూటర్‌తో ముక్కలు ముక్కలుగా బొమ్మ కట్టిస్తుంది. దీన్ని ఇంగ్లాండ్ ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ తయారు చేశాడు. 1971లో లండన్‌లో మొదటిసారి ఒక రోగికి తీశారు.

రెండో జాతి రేడియేషన్ లేనివి. అల్ట్రాసౌండ్ చెవికి వినపడని శబ్ద తరంగాలతో పనిచేస్తుంది. గుండెకు తీసే టూడీ ఎకో కూడా అల్ట్రాసౌండే. ఎమ్మారై పెద్ద అయస్కాంతంతో, రేడియో తరంగాలతో పనిచేస్తుంది. కాబట్టి "ఎమ్మారైలో రేడియేషన్ చాలా ఎక్కువంట" అన్న మాట తప్పు. అందులో ఎక్స్‌రే రేడియేషన్ అసలే లేదు. దాని ప్రమాదం వేరే రకం, అది తర్వాత చెప్తాను.

లాభం పక్క ఏముంది?

ముందు లాభం రాసుకుందాం, ఎందుకంటే భయంలో మనం మర్చిపోయేది దీన్నే.

పక్షవాతం వచ్చిందనుకోండి. మూతి వంకరపోయింది, చెయ్యి పైకి లేవట్లేదు, మాట తడబడుతోంది. మెదడులో రక్తం గడ్డకట్టిందా, లేక నరం చిట్లి రక్తం కారుతోందా అన్నది బయట నుంచి చూసి ఏ డాక్టరూ ఖచ్చితంగా చెప్పలేడు. గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. అది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. రక్తం కారుతున్నవాళ్లకు అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణానికే ముప్పు. ఈ తేడా చెప్పేది తల సీటీ స్కాన్. అది తీయడానికి కొన్ని నిమిషాలే పడుతుంది. అక్కడ "రేడియేషన్ కదా, పొద్దున చూద్దాం" అని ఇంట్లో కూర్చుంటే మనిషి జీవితాంతం మంచానికే పరిమితం కావొచ్చు.

టీబీ సంగతి చూడండి. మన దేశంలో 2019 నుంచి 2021 దాకా జాతీయ టీబీ సర్వే జరిగింది. అందులో బయటపడ్డ కేసుల్లో 42.6 శాతం, ఛాతీ ఎక్స్‌రే తీసి ఉండకపోతే దొరికేవే కావు. అంటే వాళ్లకు పెద్దగా దగ్గు, జ్వరం లాంటివి లేవు. ఇంట్లో పిల్లలతో, ముసలివాళ్లతో కలిసి ఉంటూ తెలియకుండానే జబ్బు అంటించే పరిస్థితి. ఒక చిన్న ఎక్స్‌రే అక్కడ ఇల్లంతటినీ కాపాడుతుంది.

యాక్సిడెంట్లు, పేగు మెలిక, కిడ్నీలో రాయి, గర్భంలో బిడ్డ ఎదుగుదల.. ఇలా రాసుకుంటూ పోతే లాభం పక్క చాలా పొడుగవుతుంది. ఒకప్పుడు పొట్ట కోసి చూస్తే తప్ప తెలియనివి ఇప్పుడు కోత లేకుండానే తెలుస్తున్నాయి.

నష్టం పక్క: రేడియేషన్ ఎంత?

రేడియేషన్ డోసును మిల్లీసీవర్ట్ అనే కొలతలో చెప్తారు. బియ్యానికి కిలో ఎట్లనో, దీనికి ఇది అట్ల.

అసలు స్కానింగ్ తీయించుకోని మనిషికి కూడా రేడియేషన్ తగులుతూనే ఉంటుంది. నేల నుంచి, గాలి నుంచి, తినే తిండి నుంచి, ఆకాశం నుంచి. ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. కేరళలో కరునాగపల్లి తీరంలో ఇసుకలో థోరియం ఉండటం వల్ల ఇంతకంటే చాలా ఎక్కువ. అక్కడి జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో దీనివల్ల క్యాన్సర్ పెరిగినట్టు కనిపించలేదు. విమానం ఎక్కినా కొద్దిగా తగులుతుంది. హైదరాబాద్ నుంచి జెద్దా పోయి వస్తే తగిలేది సుమారుగా ఒక ఛాతీ ఎక్స్‌రేతో పోల్చదగినంత.

ఇప్పుడు పరీక్షల లెక్క. ఇవి పెద్దవాళ్లకు సుమారు అంకెలు, మెషీన్‌ను బట్టి, మనిషి ఒళ్లును బట్టి మారతాయి.

ఛాతీ ఎక్స్‌రే: 0.02 మిల్లీసీవర్ట్. మామూలుగా మూడు రోజుల్లో మనకు ప్రకృతి నుంచి తగిలేంత.
నడుము ఎక్స్‌రే: 1.5. సుమారు ఏడెనిమిది నెలలంత.
తల సీటీ: 2. సుమారు పది నెలలంత.
ఛాతీ సీటీ: 6 నుంచి 7. రెండున్నర, మూడేళ్లంత.
పొట్ట సీటీ: 8 నుంచి 10. మూడు, నాలుగేళ్లంత.
అల్ట్రాసౌండ్, ఎమ్మారై: సున్నా.

ఈ పట్టీ చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఛాతీ ఎక్స్‌రేకి భయపడాల్సిన పనే లేదు. ఆలోచించాల్సింది సీటీ గురించి, అందులోనూ ఒకే మనిషికి మళ్లీ మళ్లీ తీసే సీటీల గురించి.

2021లో జరిగిన గొడవ గుర్తుందా?

కరోనా రెండో వేవ్‌లో జనం స్కానింగ్ సెంటర్ల ముందు బారులు తీరారు. జ్వరం వచ్చిన మర్నాడే ఛాతీ సీటీ. ఫోన్ చేస్తే "ఎట్లున్నవ్?" అనడానికి బదులు "స్కోర్ ఎంత?" అని అడిగే రోజులవి. అప్పుడు 2021 మే నెలలో ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ డాక్టర్ రణదీప్ గులేరియా, ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని, లక్షణాలు తక్కువగా ఉన్నవాళ్లు తీయించుకోవద్దని అన్నారు. వెంటనే రేడియాలజీ డాక్టర్ల సంఘం అది తప్పని, ఇప్పటి లో డోస్ సీటీ 5 నుంచి 10 ఎక్స్‌రేలతో మాత్రమే సమానమని జవాబిచ్చింది. వినే జనానికి ఎవరిని నమ్మాలో తెలియలేదు.

లెక్క వేస్తే ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. మామూలు ఛాతీ సీటీ డోసు 6 లేదా 7ని, ఒక ఎక్స్‌రే డోసు 0.02తో భాగిస్తే 300, 350 వస్తుంది. డోసు బాగా తగ్గించి తీసే కొత్త మెషీన్‌లో సీటీ డోసు చాలా తక్కువ. పైగా ఎక్స్‌రే డోసును 0.02కి బదులు 0.1గా తీసుకుంటే భాగహారమే మారిపోతుంది. ఏ అంకెను ఏ అంకెతో భాగించారన్నదే తేడా. కాబట్టి "ఇన్ని ఎక్స్‌రేలతో సమానం" అనే పోలిక వినగానే బెదిరిపోవద్దు. అట్లని అలక్ష్యమూ చేయొద్దు. గులేరియా మాటలో అందరూ ఒప్పుకోవాల్సిన సంగతి వేరే ఉంది: ఆక్సిజన్ బాగున్న, జ్వరం మాత్రమే ఉన్న రోగికి ఆ సీటీ వల్ల వైద్యం మారదు. మారనప్పుడు అది 5 ఎక్స్‌రేలైనా దండగే, 300 అయినా దండగే.

క్యాన్సర్ నిజంగా వస్తుందా?

సూటిగా చెప్పాలంటే, రిస్కు ఉంది, కానీ చిన్నది. 10 మిల్లీసీవర్ట్‌ల సీటీ ఒకటి తీయించుకుంటే ప్రాణాంతక క్యాన్సర్ వచ్చే అవకాశం 2,000 మందిలో ఒకరికి అదనంగా పెరగొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అంచనా. ఆ దేశంలో ఏ స్కానూ లేకుండానే సుమారు ఐదుగురిలో ఒకరు క్యాన్సర్‌తో చనిపోతారు. అంటే 2,000 మందిలో ఎలాగూ 400 మంది. ఆ 400 కాస్తా 401 అవుతుంది. ఇది కూడా హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడ్డవాళ్ల ఆరోగ్యాన్ని దశాబ్దాల పాటు చూసి, ఆ పెద్ద డోసుల నుంచి చిన్న డోసులకు లెక్కగట్టిన అంచనా.

పక్షవాతం వచ్చిన 65 ఏళ్ల నానా గారికి ఈ లెక్క అసలు లెక్కే కాదు. ఆయనకు ఆ గంటలో మెదడు ముఖ్యం. కానీ ఐదేళ్ల పిల్లాడి సంగతి వేరు. పిల్లల ఒంట్లో కణాలు వేగంగా పెరుగుతుంటాయి, రేడియేషన్ ప్రభావం ఎక్కువ. పైగా వాళ్ల ముందు ఇంకా అరవై, డెబ్బై ఏళ్ల జీవితం ఉంది. తొమ్మిది ఐరోపా దేశాల్లో చిన్నప్పుడు సీటీ తీయించుకున్న 9 లక్షల మందికి పైగా గమనించిన అధ్యయనం 2023లో అచ్చయింది. ఒక్కో సీటీ తీయించుకున్న 10,000 మంది పిల్లల్లో, తర్వాతి పన్నెండేళ్లలో ఒకరిద్దరికి దానివల్ల రక్త సంబంధ క్యాన్సర్ రావొచ్చని అది తేల్చింది. పది వేలలో ఒకరిద్దరు అంటే తక్కువే. కానీ అక్కర్లేని సీటీకి ఆ ఒక్కరు కూడా ఎందుకు కావాలి?

పిల్లాడు మంచం మీద నుంచి పడితే?

తల్లులకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. పడ్డాడు, ఏడ్చాడు, నుదుటి మీద బొప్పి కట్టింది. వెంటనే "సీటీ తీయండి డాక్టర్ సాబ్" అని ఒత్తిడి చేస్తాం. అమెరికాలో 42,000 మందికి పైగా పిల్లల మీద చేసిన పరిశీలన 2009లో వచ్చింది. దాని ఆధారంగా డాక్టర్లు కొన్ని గుర్తులు చూస్తారు.

పిల్లాడు స్పృహ తప్పాడా, మత్తుగా ఉన్నాడా, మనల్ని గుర్తుపట్టకుండా వింతగా చేస్తున్నాడా, వాంతులు అవుతున్నాయా, తలనొప్పి విపరీతంగా ఉందా, ముక్కులోంచి చెవిలోంచి రక్తమో నీళ్లో కారుతున్నాయా, బాగా ఎత్తు మీద నుంచి పడ్డాడా, బండి ఢీకొట్టిందా? రెండేళ్లలోపు పసిబిడ్డకైతే నుదురు కాకుండా తల పక్కన, వెనక బొప్పి కట్టిందా? వీటిలో ఏదున్నా వెంటనే దవాఖానాకు తీసుకెళ్లాలి. సీటీ కావాలా, కొన్ని గంటలు కళ్ల ముందు పెట్టుకొని చూడాలా అన్నది డాక్టర్ నిర్ణయిస్తారు. ఇవేవీ లేకుండా పిల్లాడు ఆడుకుంటూ, తింటూ ఉంటే సీటీ అవసరం దాదాపుగా పడదు. "ఇప్పుడు వద్దు, గమనిద్దాం" అన్న డాక్టర్ పట్టించుకోలేదని అనుకోవద్దు. ఆయన మీ బిడ్డకు మేలే చేస్తున్నారు.

స్కాన్ చూపించలేనివి

ఫిల్ములో కనపడితేనే జబ్బు, కనపడకపోతే లేదు అనుకోవడం ఇంకో పొరపాటు.

గడ్డకట్టడం వల్ల వచ్చిన పక్షవాతంలో మొదటి కొన్ని గంటలు సీటీ మామూలుగానే కనిపించవచ్చు. "రిపోర్ట్ నార్మల్ కదా, ఇంటికి పోదాం" అంటే ప్రమాదం. మణికట్టులోని ఒక చిన్న ఎముక విరిగినప్పుడు మొదటి రోజు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే మళ్లీ చూపించుకోవాలి.

దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఉంది. ఫిల్ములో కనిపించిందల్లా జబ్బు కాదు. నడుము ఎమ్మారైనే తీసుకోండి. నడుము నొప్పి అస్సలు లేని మనుషులకు తీసిన స్కాన్లను కలిపి చూసిన అధ్యయనం 2015లో వచ్చింది. 20 ఏళ్ల వయసువాళ్లలో 37 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్క్ అరిగినట్టు కనిపించింది. వాళ్లెవరికీ నొప్పి లేదు. అంటే డిస్క్ అరుగుదల చాలామందిలో తల నెరవడం లాంటిదే. రిపోర్టులో "డిస్క్ బల్జ్" అన్న మాట చూసి ఆపరేషన్ అనుకొని బెంబేలెత్తిపోవద్దు. మామూలు నడుము నొప్పి చాలామందికి ఆరు వారాల్లో తగ్గుతుంది. కాలు బలహీనపడటం, మూత్రం మీద పట్టు తప్పడం, మలద్వారం చుట్టూ తిమ్మిరి, జ్వరం, బరువు తగ్గడం, అంతకుముందు క్యాన్సర్ ఉండటం, పెద్ద దెబ్బ తగలడం.. ఇవి ఉంటే మాత్రం ఎమ్మారైకి ఆగొద్దు.

అవసరం లేని పరీక్ష ఒక దేశాన్ని ఎంత దూరం తీసుకెళ్లిందో దక్షిణ కొరియా చూపించింది. అక్కడ 1999 నుంచి క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలైంది. దాంతోపాటు తక్కువ ఖర్చుకే గొంతు దగ్గర థైరాయిడ్‌కు అల్ట్రాసౌండ్ కూడా చేయించుకోవడం జనానికి అలవాటైంది. 2011 వచ్చేసరికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. కానీ ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య ఏమీ మారలేదు. అంటే జీవితాంతం ఏ హానీ చేయని చిన్న గడ్డల్ని వెతికి పట్టుకున్నారు. వేలమంది థైరాయిడ్ తీయించుకొని జీవితాంతం మాత్రలు మింగుతున్నారు. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ సున్నా. అయినా నష్టం జరిగింది. ఏ లక్షణమూ లేకుండా "ఫుల్ బాడీ ప్యాకేజీ ఆఫర్" అంటూ వచ్చే ప్రకటనలు చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అట్లని అన్ని స్క్రీనింగులూ దండగ కాదు. ఏళ్ల తరబడి బాగా సిగరెట్లు తాగినవాళ్లకు లో డోస్ ఛాతీ సీటీతో స్క్రీనింగ్ చేస్తే, ఎక్స్‌రేతో చేసినదానికంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని అమెరికాలో 2011లో వచ్చిన పెద్ద పరిశోధన చూపించింది. రొమ్ములో గడ్డ తగిలితే సిగ్గుపడి దాచుకోకుండా మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చేయించుకోవడం ప్రాణం కాపాడుతుంది. ఎవరికి, ఏ వయసులో, ఏ కారణంతో అన్నదే ప్రశ్న.

గల్ఫ్ మెడికల్‌లో మచ్చ కనిపిస్తే

సౌదీకో, దుబాయ్‌కో పనికి పోయే మన పిల్లలకు వీసా మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. ఎప్పుడో టీబీ వచ్చి పూర్తిగా నయమైనా ఊపిరితిత్తి మీద మచ్చ మిగిలిపోవచ్చు. ఆ మచ్చతోనే "అన్‌ఫిట్" అయిపోయి, అప్పుచేసి ఏజెంటుకు కట్టిన డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. మచ్చ పాతదా, జబ్బు ఇప్పుడుందా అన్నది ఒక్క ఎక్స్‌రే ఎప్పుడూ ఖచ్చితంగా చెప్పలేదు. కఫం పరీక్ష చేయాలి, పాత ఫిల్ముతో పోల్చాలి. కాబట్టి చిన్నప్పుడు టీబీ మందులు వాడినవాళ్లు ఏజెంటుకు రూపాయి కట్టకముందే మంచి ఛాతీ డాక్టర్‌కు చూపించుకోండి. పాత ఫిల్ములు, కోర్సు పూర్తిచేసిన కాగితాలు దాచుకోండి.

గర్భం ఉన్నప్పుడు

దీని గురించి భయం ఎక్కువ, అసలు సంగతి తెలిసినవాళ్లు తక్కువ. గర్భం ఉందని తెలియక ఎక్స్‌రే తీయించుకున్న కోడలికి "ఇంక ఉంచుకోవద్దు" అని ఇంట్లోవాళ్లో, ఇరుగుపొరుగో చెప్పేస్తుంటారు. ఇది చాలా పెద్ద నిర్ణయం. లెక్క తెలియకుండా తీసుకోకూడదు.

బిడ్డకు చేరిన డోసును మిల్లీగ్రే అనే కొలతలో చెప్తారు. 50 మిల్లీగ్రేల లోపు డోసుకు గర్భం పోవడమో, అవకరాలు రావడమో పెరిగినట్టు రుజువు లేదు. 100 మిల్లీగ్రేల లోపు డోసు కారణంగా గర్భం తీయించుకోవడం సరికాదని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం చెప్తుంది. తల్లికి తీసిన ఛాతీ ఎక్స్‌రేలో బిడ్డకు చేరేది ఒక మిల్లీగ్రేలో వందో వంతు కూడా ఉండదు. కడుపు కింద భాగానికి తీసే సీటీలో మాత్రం 10 నుంచి 50 దాకా పోవచ్చు. కాబట్టి నెల తప్పితే, తప్పిందన్న అనుమానం ఉన్నా, ఎక్స్‌రే గదిలోకి పోకముందే చెప్పాలి. పొరపాటున తీయించుకుంటే ఆ రిపోర్టుతో గైనిక్ డాక్టర్‌ను కలవాలి, ఎంత డోసు చేరిందో లెక్క కట్టించవచ్చు. ఎవరి మాటో విని తొందరపడొద్దు.

అల్ట్రాసౌండ్ గర్భిణులకు ఏళ్లుగా వాడుతున్న సురక్షితమైన పరీక్ష. అవసరమైతే డాక్టర్లు ఎమ్మారై కూడా తీయిస్తారు, కాకపోతే అందులో వాడే గాడోలినియం ఇంజెక్షన్‌ను సాధారణంగా వద్దంటారు. ఇంకో మాట: 1994 చట్టం ప్రకారం పుట్టబోయేది ఆడా మగా చెప్పడం నేరం, అడగడం కూడా నేరమే. సెంటర్‌వాళ్లు ఫారం నింపించుకుంటే చిరాకుపడొద్దు, అది వాళ్ల బాధ్యత.

ఎమ్మారై గదిలో అసలు ప్రమాదం

2018 జనవరిలో ముంబైలో ఒక రోగి బంధువు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకొని ఎమ్మారై గదిలోకి వెళ్లాడు. అయస్కాంతం సిలిండర్‌ను, దాంతోపాటు ఆ యువకుణ్ణి లాక్కుంది. అతను చనిపోయాడు. ఎమ్మారై అయస్కాంతం స్కాన్ జరగనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని లైటు లాగా స్విచ్ నొక్కి ఆపలేరు.

అందుకే లోపలికి పోకముందు నఖాబ్, హిజాబ్ పిన్నులు, హెయిర్ క్లిప్పులు, గాజులు, ముక్కుపుడక, చెవి కమ్మలు తీసేయాలి. లోహపు డబ్బీలో ఉన్న తావీజు మెడలో, నడుముకు ఉంటే అదీ తీసి ఇంట్లోవాళ్ల చేతికివ్వాలి. కళ్లకు సుర్మా పెట్టుకుంటే కడిగేసుకోవడం మంచిది, కొన్నింటిలో లోహం ఉండి బొమ్మ చెడిపోతుంది. గుండెకు పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో మెషీన్, కంట్లో ఇనుప రజను పడ్డ సంగతి ఉంటే ముందే చెప్పాలి. వెల్డింగ్ పని చేసే సోదరులు ఈ చివరిది మర్చిపోవద్దు.

ఆడవాళ్లు లేడీ టెక్నీషియన్ కావాలని ముందే అడగొచ్చు. పిన్నులు లేని బట్ట ముసుగుతో స్కాన్ తీయడానికి చాలా చోట్ల ఒప్పుకుంటారు.

డై ఇంజెక్షన్, రోజా

సీటీలో కొన్నిసార్లు నరానికి అయోడిన్ ఉన్న డై మందు ఎక్కిస్తారు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు ముందుగా క్రియాటినిన్ పరీక్ష చూస్తారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతుంటే చెప్పాలి. ఇదివరకు డై పడక దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే తప్పకుండా చెప్పాలి. పాలిచ్చే తల్లులు డై తర్వాత పాలు ఆపాల్సిన అవసరం సాధారణంగా ఉండదు.

పొట్ట అల్ట్రాసౌండ్‌కు పరగడుపున రమ్మంటారు, రంజాన్‌లో దానికి ఇబ్బంది లేదు. పొత్తికడుపు స్కాన్‌కు మాత్రం నీళ్లు బాగా తాగి రమ్మంటారు. అత్యవసరం కాకపోతే ఇఫ్తార్ తర్వాత టైం ఇవ్వమని అడగండి. అత్యవసరమైతే ఆగొద్దు. జబ్బుపడ్డవాళ్లకు రోజా తర్వాత ఖజా చేసుకునే వెసులుబాటు ఉంది. సందేహం ఉంటే ఆలిమ్ సాబ్‌ను అడగండి, పరీక్షను మాత్రం మీ అంతట మీరు మానేయొద్దు.

డాక్టర్‌ను ఏమడగాలి?

మర్యాదగా, భయపడకుండా ఈ నాలుగు మాటలు అడగండి.

"డాక్టర్ సాబ్, ఈ స్కాన్‌తో ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు?"
"రిపోర్ట్ ఎట్లా వచ్చినా మందులు ఇవే అయితే, కొన్నాళ్లు ఆగి చూడొచ్చా?"
"అల్ట్రాసౌండ్‌తోనో, ఎమ్మారైతోనో సరిపోతుందా?"
"పోయిన ఏడాది తీసిన ఫిల్ము ఉంది, ఒకసారి చూస్తారా?"

ఈ నాలుగోది చాలా డబ్బు మిగుల్చుతుంది. పాత ఫిల్ము పోవడం వల్లే ఎన్నో స్కాన్లు రెండోసారి తీయాల్సి వస్తుంది. ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పేరు, తేదీ, ఏ భాగానికి ఏ స్కాన్, ఎక్కడ తీశారు, ఏమని రాశారు. ఐదు గడులు చాలు. ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. ఒక దవాఖానా నుంచి ఇంకో దవాఖానాకు మారినప్పుడు కొత్త డాక్టర్ అదే చూస్తారు.

సెంటర్ ఎంచుకునేటప్పుడు కూడా ఒకటి గమనించండి. ఎక్స్‌రే, సీటీ మెషీన్లు నడపాలంటే అణుశక్తి నియంత్రణ బోర్డు లైసెన్స్ ఉండాలి. తలుపు తెరిచిపెట్టి ఎక్స్‌రే తీస్తుంటే, అవసరం లేనివాళ్లను లోపల నిలబెడితే అడగండి. పిల్లాణ్ణి పట్టుకోవాల్సి వస్తే సీసం ఏప్రాన్ ఇమ్మనండి. గర్భిణులు మాత్రం పట్టుకోవడానికి లోపలికి పోవద్దు.

చివరిగా పద్దు మూసేద్దాం. ఈ వ్యాసం చూపించి పక్షవాతం వచ్చిన మనిషికో, యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలిన పిల్లాడికో సీటీ వద్దని ఎవరూ అనొద్దు. అక్కడ లాభం కొండంత, నష్టం ఆవగింజంత. పక్కింటివాళ్లు తీయించుకున్నారని, ప్యాకేజీ చౌకగా వస్తోందని, మనసు తృప్తి కోసమని తీయించుకునే స్కాన్ దగ్గరే ఆగి ఆలోచించాలి. మొదటిదానికి అప్పుచేసైనా పోవాలి. రెండోదానికి పెట్టే డబ్బును పిల్లల పాలకో, అమ్మీ షుగర్ మాత్రలకో పెడితే ఇంటికి అంతకంటే ఎక్కువ ఆరోగ్యం వస్తుంది.